సెలైన్ సీసా ఎక్కించే ముందు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో జనరల్ మెడిసిన్ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ఎడమ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నీరసం గురించి మాట్లాడుతూ మిమ్మల్ని గంటసేపు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

కొన్నేళ్ల కిందట ఒక ఆవిడ మా ఓపీకి వచ్చారు. వయసు ముప్పై ఎనిమిది. చూడటానికి యాభై దాటినట్టున్నారు. బీపీ చూద్దామని చేయి చాపమన్నాను. మోచేతి మడత నుంచి మణికట్టు దాకా సూది గుర్తులు. కొన్ని చోట్ల నరం తాడులా గట్టిపడిపోయింది. ఇవేమిటమ్మా అని అడిగితే, "సెలైన్లు మేడమ్. నెలకు ఒకటో రెండో ఎక్కించుకుంటాను. ఎక్కించిన రోజు బాగానే ఉంటుంది, మూడో రోజుకు మళ్లీ మామూలే" అన్నారు. ఎన్నాళ్ల నుంచి అంటే, పక్కనున్న కొడుకు వైపు చూసి, "వీడు పుట్టినప్పటి నుంచి. పదకొండేళ్లు" అన్నారు.

ఆవిడకు ఏమైందో తర్వాత చెబుతాను. అది తెలియాలంటే ముందు కొన్ని సంగతులు మాట్లాడుకోవాలి. మొదట ఆ సీసా సంగతే చూద్దాం.

మామూలుగా ఎక్కించే సీసా 500 మిల్లీలీటర్లు. నార్మల్ సెలైన్ అయితే అందులో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, మిగతాదంతా నీళ్లు. ఉప్పులో శక్తి ఏమీ ఉండదు. 5 శాతం గ్లూకోజు సీసా అయితే అందులో 25 గ్రాముల గ్లూకోజు. అంటే సుమారు ఐదు చెంచాల పంచదార. దాని నుంచి వచ్చే శక్తి వంద క్యాలరీలు దాటదు. ఒక అరటిపండు తిన్నా అంతే వస్తుంది. సీసాలో పసుపుపచ్చ మందు కలిపితే "బలం మందు కలిపారు" అని మనవాళ్లకు ఊరట. ఆ పసుపు రంగు బి విటమిన్‌ది. ఒంటికి అక్కర్లేనిది సాయంత్రానికి మూత్రంలో పోతుంది. అందుకే ఆ రోజు మూత్రం కూడా పచ్చగా వస్తుంది.

వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన మనిషికి, డెంగీలో బీపీ పడిపోయిన మనిషికి ఇదే సీసా ప్రాణం నిలబెడుతుంది. దాని విలువ నాకు తెలుసు. కానీ నెలల తరబడి ఉన్న నీరసానికి అది మందు కాదు. మరి ఎక్కించిన రోజు బాగుండటం అబద్ధమా? కాదు. పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదింటి దాకా నడుము వాల్చని మనిషి, ఆ ఒక్క పూట మంచం మీద రెండు గంటలు పడుకుంటుంది. ఎవరో పక్కన కూర్చుని "ఎలా ఉంది?" అని అడుగుతారు. ఆ మేలు నిజమైనదే. దానికి సూది అక్కర్లేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు అనవసరంగా ఎక్కించిన ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. అలా వచ్చినవాళ్లను అర్ధరాత్రి ఆక్సిజన్ పెట్టి కాపాడుకున్న రోజులు ఉన్నాయి.

ఇక నీరసం అనే మాట. రోగి వచ్చి "నీరసంగా ఉంది" అనగానే నేను ఒకటే అడుగుతాను: ఆ మాట వాడకుండా మీ బాధ చెప్పండి అని. కాసేపు ఆలోచిస్తారు. తర్వాత చెప్పే మాటల్లోనే సగం జబ్బు దొరుకుతుంది. "మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతోంది, మధ్యలో ఆగాల్సి వస్తోంది" అంటే నా చూపు రక్తం మీదికి, గుండె మీదికి పోతుంది. "కూర్చుంటే చాలు, కునుకు పట్టేస్తోంది" అంటే అది నిద్ర సమస్య. "పీట మీద కూర్చుంటే చేయి ఆనించకుండా లేవలేకపోతున్నాను" అంటే కండరాల సంగతి, డి విటమిన్, థైరాయిడ్, పొటాషియం చూడాలి. "చేయగలను, కానీ ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు" అంటే మనసు సంగతి అడగాలి. నాలుగూ నీరసాలే. నాలుగింటికీ దారులు వేరు. మనం నలుగురికీ ఒకే సీసా ఎక్కిస్తున్నాం. నా బాధ అదే.

ముందుగా రక్తం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ గదిలోనే ఈ సమస్య ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రెండు రాష్ట్రాలూ ఆ అంకెకు అటూ ఇటూగానే ఉన్నాయి. మగవాళ్లలో 25 శాతం. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి, గర్భిణికి 11, మగవాళ్లకు 13. అంతకంటే తగ్గితే రక్తహీనత. మన ఇళ్లలో తొమ్మిది ఉన్న అమ్మాయి పొద్దున్నే కళ్లాపి చల్లుతుంది, వంట చేస్తుంది, పొలానికో ఉద్యోగానికో పోతుంది. మెల్లగా తగ్గుతూ వస్తుంది కాబట్టి ఒళ్లు అలవాటు పడిపోతుంది. ఆరోగ్యంగా ఉండటం ఎలా ఉంటుందో మరిచిపోతుంది. అంతే తప్ప బాగుందని కాదు.

ఒక డిగ్రీ చదివే అమ్మాయిని తల్లి తీసుకొచ్చింది. చదువు మీద ధ్యాస లేదు, ఎప్పుడూ పడుకుంటుంది, బద్ధకం ఎక్కువైంది అని ఫిర్యాదు. కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎర్రదనమే లేదు, తెల్లకాగితంలా ఉంది. నేను మెల్లగా అడిగాను: "ఏమైనా తింటావా, అన్నం కాకుండా?" ఆ పిల్ల తలదించుకుంది. తల్లి అందుకుని, "బియ్యం తింటుంది మేడమ్. డబ్బాలో గుప్పెడు గుప్పెడు తీసుకుని నములుతుంది. నీ పెళ్లిలో వాన పడుతుందే అని రోజూ తిడుతూనే ఉన్నాను" అంది. సంచి జిప్పు తీస్తే లోపల బలపాల పెట్టె ఉంది. హిమోగ్లోబిన్ 6.8.

పచ్చి బియ్యం, బలపం, సుద్ద, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం చెడు అలవాటు అనుకుంటాం. ఇనుము లోపించిన ఒంట్లో తరచుగా కనిపించే లక్షణం అది. ఇనుము అందితే చాలామందిలో ఆ కోరిక దానంతట అదే పోతుంది. తిట్టాల్సిన అవసరం ఉండదు. ఆ పిల్లకు నెలసరి తొమ్మిది రోజులు ఉండేదట, గడ్డలు గడ్డలుగా పోయేదట. "మా అమ్మకూ అంతే, మా అమ్మమ్మకూ అంతే" అన్నారు. ఇంట్లో ఆడవాళ్లందరికీ ఉన్నంత మాత్రాన అది మామూలు అయిపోదు. ఏడు రోజులు దాటినా, గడ్డలు పోతున్నా, రాత్రి లేచి గుడ్డ మార్చుకోవాల్సి వస్తున్నా అది ఎక్కువే. పోయే రక్తాన్ని ఆపకుండా మాత్రలు మింగించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇంకో చిల్లు కొంకిపురుగు. చెప్పుల్లేకుండా తడి మట్టిలో నడిస్తే పాదాల చర్మం గుండా ఒంట్లోకి వెళ్లి, చివరికి పేగు గోడకు పట్టుకుని రక్తం పీలుస్తుంది. బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర అందుకే. ఇస్తుంటే వద్దనకండి.

మగవాళ్ల విషయంలో ఒక మాట గట్టిగా చెబుతాను. మగవాడికి నెలసరి లేదు, కాన్పు లేదు. అలాంటప్పుడు ఇనుము తగ్గిందంటే ఎక్కడో రక్తం కారుతోందని ముందు అనుమానించాలి. మొలలు కావచ్చు, మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మింగిన మాత్రల వల్ల కడుపులో పుండు కావచ్చు, పెద్ద పేగులో క్యాన్సర్ కావచ్చు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకూ ఇదే మాట వర్తిస్తుంది. ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేస్తే రెండు నెలలు రక్తం పెరుగుతుంది, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు, లోపల జబ్బు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఐరన్ మాత్ర ఎలా వేసుకోవాలో కూడా చెబుతాను. టీతో, కాఫీతో, పాలతో వద్దు. టీ తాగి వెంటనే వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, భయపడకండి. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి, లేదా మీ డాక్టరును అడిగి రోజు విడిచి రోజు వేసుకోండి. కానీ మానకండి. రక్తం పన్నెండుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వేసుకోవాలి, అప్పుడే ఒంట్లో నిల్వ నిండుతుంది. ఆ నిల్వను తెలిపే పరీక్ష ఫెర్రిటిన్. హిమోగ్లోబిన్ సరిగ్గా ఉండి ఫెర్రిటిన్ అడుగంటినవాళ్లకూ నీరసం ఉండవచ్చు. రక్తానికే కాదు, కండరానికీ ఇనుము కావాలి.

రక్తం గురించి చెబుతూ మన మనిషి ఒకాయనను తలుచుకోకుండా ముందుకు పోలేను. గ్రంథాలయంలో మాట్లాడుతున్నాను కాబట్టి పిల్లలు వినాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. వారి ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జబ్బు పొట్టనబెట్టుకుంది. తిన్నది పేగులకు పట్టదు. విరేచనాలు, పూసిన నాలుక, పాలిపోయిన ఒళ్లు, మంచం దిగలేనంత నీరసం. అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికారు. తర్వాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఉండే భాస్వరం సమ్మేళనాల మీద పనిచేశారు. మనం వేలు కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే ఇంధనం ఏటీపీ. 1929లో దాన్ని కండరంలో గుర్తించినవాళ్లలో ఆయన ఒకరు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. సత్తువ అని మనం రోజూ వాడే మాట వెనకున్న రసాయనాన్ని చూసిన తొలి కళ్లలో ఒక జత కళ్లు తెలుగువాడివి.

కథ అక్కడితో అయిపోలేదు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మికులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం తినిపిస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో పనిచేసే పదార్థమేమిటో అప్పటికి తెలియదు. అదే ఫోలిక్ యాసిడ్. 1940ల మధ్యలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని తయారుచేసి చూపించిన బృందానికి నాయకుడు సుబ్బారావు. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు ఆయన బృందం మందు అందించింది. ఈ రోజు ఏఎన్‌ఎం మీ చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఆ ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాన్ని చెత్తబుట్టలో వేసేటప్పుడు ఒక్కసారి ఆయనను గుర్తు చేసుకోండి.

ఫోలిక్ యాసిడ్‌తో ఒక జాగ్రత్త ఉంది. బి12 విటమిన్ తక్కువైనప్పుడు కూడా అలాంటి రక్తహీనతే వస్తుంది. అప్పుడు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరుగుతుంది కానీ నరాలు దెబ్బతింటూనే పోతాయి. బి12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటుంది. పూర్తి శాకాహారులకు, ముఖ్యంగా పాలు పెరుగు కూడా తక్కువగా తీసుకునేవాళ్లకు తగ్గుతుంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, గ్యాసు మాత్ర రోజూ పరగడుపున మింగేవాళ్లకు తగ్గుతుంది. ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. నీరసం, తిమ్మిర్లు. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందమ్మా, రెండడుగులు వేశాక చూసుకుంటే కాలికి ఉండటం లేదు" అన్నారు. పాదానికి స్పర్శ తెలియడం లేదన్నమాట. పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, ఎవరూ బి12 చూడలేదు. షుగరు వల్లే తిమ్మిర్లు అని అందరూ అనుకున్నారు. ఇంజెక్షన్లతో నీరసం పోయింది, తిమ్మిర్లు సగం తగ్గాయి. మిగతా సగం ఉండిపోయింది. ఇంకా ముందు వచ్చి ఉంటే అదీ తగ్గేదేమో.

థైరాయిడ్ గురించి మీకు ఇప్పటికే చాలా తెలుసు, క్లుప్తంగా చెబుతాను. ముఖం ఉబ్బడం, చర్మం పొడిబారడం, మలబద్ధకం, జుట్టు రాలడం, గొంతు బొంగురుపోవడం, అందరూ ఫ్యాను కింద కూర్చుంటే మీకు మాత్రం చలి వేయడం. ఇవి ఉంటే పరీక్ష చేయించండి. మాత్ర వేసుకునేవాళ్లు పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగండి. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. "మాత్ర వేసుకుంటున్నాను, అయినా నీరసం పోవడం లేదు" అనేవాళ్లలో చాలామంది ఈ రెండిట్లో ఒకటి తప్పుతున్నారు. ఇక థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అంచుకు కాస్త అటూ ఇటూ ఉన్న ప్రతి మనిషి నీరసాన్నీ థైరాయిడ్ మీద వేసేయడం కూడా పొరపాటే. అక్కడితో వెతకడం ఆపేస్తారు.

షుగరు కొత్తగా వచ్చినవాళ్లు కొందరు మొదట చెప్పేది నీరసమే. దాహం, రాత్రి నాలుగుసార్లు లేవడం, బరువు తగ్గడం అడిగితే తప్ప చెప్పరు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా మందులూ ఉచితం. కిడ్నీ జబ్బు కూడా చాలాకాలం నీరసంగానే ఉంటుంది, నొప్పి ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే ఎందరో అలాగే మోసపోయారు. కాళ్లు ఉబ్బలేదు, మూత్రం బాగానే వస్తోంది, కాస్త నీరసం అంతే అనుకున్నారు. పరీక్ష చేసేనాటికి, కిడ్నీ పనితీరును తెలిపే క్రియాటినిన్ ఎక్కడికో పోయింది. రక్తం తయారుచేయమని ఎముక మజ్జకు సంకేతం పంపేది కిడ్నీయే, అది దెబ్బతింటే రక్తం తగ్గుతుంది, అందుకే ఆ నీరసం. అక్కడ అంతమందికి ఆ జబ్బు ఎందుకు వస్తోందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ ప్రాంతం వాళ్లు, వాళ్ల బంధువులు ఎవరైనా ఇక్కడుంటే, ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష మానకండి.

నిద్ర సంగతికి వస్తాను. మగవాళ్లు నీరసమని వస్తే భార్యను లోపలికి పిలుస్తాను. "గురక పెడతారా?" "పక్కింటికి వినపడుతుంది మేడమ్." "మధ్యలో ఆగుతుందా?" ఇక్కడ ఆవిడ ముఖం మారుతుంది. "ఆగుతుంది. నాకు భయం వేసి కదిలిస్తాను. అప్పుడు ఉలిక్కిపడి మళ్లీ మొదలుపెడతారు." అదే జబ్బు. గొంతు దారి మూసుకుపోయి, నిద్రలో ఊపిరి మళ్లీ మళ్లీ ఆగిపోతోంది. ఎనిమిది గంటలు పడుకున్నా మెదడుకు విశ్రాంతి లేదు. పగలు కునుకుతారు. బండి నడుపుతూ కునుకుతారు. రాత్రి లారీలు, బస్సులు నడిపే అన్నలు ఎవరైనా ఉంటే ఇది వినాలి. బీపీ ఎన్ని మాత్రలకూ లొంగకపోవడం కూడా దీని గుర్తే. నిద్ర పరీక్ష ఇప్పుడు ఇంటి దగ్గరే చేయవచ్చు. బరువు తగ్గడం, రాత్రి గాలి యంత్రం పెట్టుకోవడంతో బాగుపడతారు.

మనసు గురించి అడిగితే కొందరు నొచ్చుకుంటారు. "నాకు పిచ్చి లేదు" అంటారు. డిప్రెషన్ పిచ్చి కాదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేయడం, పొద్దున్నే బరువుగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం, మనవడు ఒళ్లో కూర్చున్నా సంతోషం కలగకపోవడం, ఇవి దాని గుర్తులు. దానికి మందులున్నాయి, మాట్లాడే వైద్యం ఉంది. 14416 టెలి మానస్ నంబరుకు ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఒక్క మాట వైద్యుల వైపు నుంచి కూడా చెప్పాలి. పరీక్షల్లో ఏమీ దొరకలేదు కాబట్టి ఇది మనసు జబ్బే అని తేల్చేయడం తప్పు. డిప్రెషన్‌కు దాని లక్షణాలు దానికి ఉన్నాయి. అవి ఉంటేనే ఆ పేరు పెట్టాలి.

ఇప్పుడు మొదట చెప్పిన ఆవిడ.

ఆవిడ తెచ్చిన సంచిలో రిపోర్టులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. రక్తం 9.6. థైరాయిడ్ మూడుసార్లు చేయించారు, మూడుసార్లూ "నార్మల్". నేను ఏళ్లు లెక్కపెడుతూ ఆ పిల్లవాడి దగ్గర ఆగాను. "బాబు కాన్పు ఎలా అయిందమ్మా?" ఆవిడ చెప్పారు. కాన్పు అయ్యాక రక్తం ఆగలేదు. స్పృహ తప్పింది. వేరే ఊరికి తీసుకెళ్లారు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. "తర్వాత పాలు పడ్డాయా?" లేదు, ఒక్క చుక్క కూడా. పిల్లవాడిని డబ్బా పాలతో పెంచారు, అత్తగారు అనాల్సిన మాటలన్నీ అన్నారు. "నెలసరి మళ్లీ ఎప్పుడొచ్చింది?" రాలేదు. రక్తం అంతా అప్పుడే పోయింది కదా, ఇక రాదేమో అనుకున్నారట. పదకొండేళ్లలో ఈ మూడు ప్రశ్నలూ ఎవరూ అడగలేదు. ఆవిడ తనంతట తాను చెప్పలేదు. కాన్పు సంగతికీ నీరసానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

మెదడు అడుగున బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. థైరాయిడ్‌కు, అడ్రినల్ గ్రంథులకు, అండాశయాలకు ఆజ్ఞలు పోయేది అక్కడి నుంచే. గర్భిణికి ఆ గ్రంథి పెరుగుతుంది, దానికి కావలసిన రక్తమూ పెరుగుతుంది. కాన్పులో ఒక్కసారిగా రక్తం పోతే అది ఆకలితో చచ్చిపోతుంది. 1937లో హెరాల్డ్ షీహన్ దీన్ని వివరించారు, ఆయన పేరే జబ్బుకు ఉంది. కాన్పులు భద్రంగా జరిగే దేశాల్లో ఇది చాలా అరుదైపోయింది. మన దగ్గర ఇంకా చూస్తున్నాం. థైరాయిడ్ రిపోర్టు ఎందుకు నార్మల్ వచ్చింది? చేసింది టీఎస్‌హెచ్ ఒక్కటే. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పీయూష గ్రంథి. అదే దెబ్బతిన్నప్పుడు ఆ అంకెను నమ్మలేం, థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను టీ4 కూడా చూడాలి. చూస్తే టీ4 అడుగంటింది. అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ కూడా అడుగంటింది. రక్తంలో సోడియం 118కి పడిపోయింది.

ముందు కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్రలు మొదలుపెట్టాం, తర్వాతే థైరాయిడ్ మాత్ర. ఈ వరస తారుమారు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలని, ఏ పరిస్థితిలోనూ మానకూడదని కొడుకుకు కూడా చెప్పి, ఒక కార్డు మీద రాసిచ్చాను. మూడు వారాలకు వచ్చారు. ఎలా ఉందమ్మా అంటే, "ఆకలేస్తోంది మేడమ్" అన్నారు, ఏదో వింత చెబుతున్నట్టు. ఆరు నెలలకు మళ్లీ వచ్చినప్పుడు బస్సు దొరకలేదని రెండు కిలోమీటర్లు నడిచి వచ్చారు. పిల్లవాడు నాతో అన్నాడు: "అమ్మ నాకంటే ముందు నడిచింది." వాడు పుట్టాక తల్లి అలా నడవడం అదే మొదటిసారి చూడటం.

ఇందుకు దగ్గరిదే ఇంకొకటుంది. ఒళ్లు నొప్పులకని పేరు లేని పొట్లాల్లో ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండే ప్రమాదం ఉంది. నెలల తరబడి మింగితే ఒంట్లో సొంత కార్టిసాల్ తయారీ ఆగిపోతుంది. హఠాత్తుగా మానేస్తే మనిషి కుప్పకూలిపోతాడు. వాడుతున్నవాళ్లు భయపడి ఈ రాత్రే మానేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్లి మెల్లగా తగ్గించుకోండి.

అన్నీ వెతికాక కూడా కారణం దొరకనివాళ్లు కొందరుంటారు. కోవిడ్ తర్వాత ఇలాంటివాళ్లను మనం చాలామందిని చూశాం. ఒక రోజు కాస్త పని చేస్తే మర్నాడు, ఆ మర్నాడు మంచం దిగలేరు. ఎంత నిద్రపోయినా తేరుకోరు. ఆరు నెలలు దాటి ఇలా ఉంటే దానికీ ఒక పేరుంది, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. రిపోర్టులు నార్మల్ అంటే మన పరీక్షలకు అందలేదని మాత్రమే అర్థం, మనిషి అబద్ధం చెబుతోందని కాదు. "లేచి వ్యాయామం చెయ్యి, అదే పోతుంది" అని వీళ్లను తరమడం హాని చేస్తుంది. ఒంట్లో ఉన్న శక్తిని బట్టి పనిని విడగొట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ చేసుకోవాలి. ఇంట్లోవాళ్లు నమ్మడమే వీళ్లకు మొదటి సాయం.

ఎనభై పరీక్షల ప్యాకేజీలు కొనవద్దు. మీ కథ పూర్తిగా చెప్పాక, రక్త పరీక్ష, ఫెర్రిటిన్, షుగరు, క్రియాటినిన్, సోడియం, పొటాషియం, లివరు, థైరాయిడ్, మూత్రం, వీటితో మొదలుపెడితే చాలామందికి సరిపోతుంది. ఆ తర్వాతివి కథను బట్టి. నీరసంతో పాటు ఛాతీలో బరువు, పడుకుంటే ఆయాసం, నల్లటి తారులాంటి మలం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం ఉంటే మాత్రం పరీక్షల కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోను చేయండి.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ మూడో వరసలో అన్న.

(ప్రశ్న: మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. దసరా దాకా బాగానే తిరిగింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవడం లేదు. వయసు కదా, నీరసం మామూలే అంటున్నారు. సెలైన్ ఎక్కించమంటారా?)

వయసు నెల రోజుల్లో మీద పడదు అన్నా. దసరాకు తిరిగిన మనిషి ఇప్పుడు లేవడం లేదంటే మధ్యలో ఏదో జరిగింది. బీపీకి మాత్రలు వాడుతున్నారా? ఈమధ్య మార్చారా? మార్చారు, సరే. కొన్ని బీపీ మాత్రలు మూత్రం ఎక్కువ పోయేలా చేసి పెద్దవాళ్లలో సోడియం తగ్గిస్తాయి. అదే అని ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఈసీజీ తీయాలి, రక్తం చూడాలి. ఈ రాత్రి మగతగా ఉన్నా, మాట తడబడినా పొద్దుటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేదంటే రేపు పొద్దున్నే తీసుకురండి. సెలైన్ వద్దు. పరగడుపున అక్కర్లేదు, టిఫిన్ తినే రమ్మనండి. ఆవిడ వేసుకునే మాత్రలన్నీ, పాతవీ కొత్తవీ, డబ్బాలతో సహా ఒక సంచిలో వేసుకుని రండి.